తెర మీది రెండో బిడ్డ

మధ్యాహ్నం రెండు గంటలకు కూడా నా గదిలో చీకటే. బయట చోడవరం రోడ్డు ఎండకు పెళపెళలాడుతున్నా, లోపలికి వచ్చినవాళ్లు ఒక నిమిషం గోడ పట్టుకుని నిలబడాల్సిందే. కిటికీకి నల్లగుడ్డ, దాని మీద ఇంకో గుడ్డ. స్కానింగు తెర మీద బూడిదరంగులో ఉన్న తేడాలు కంటికి ఆనాలంటే ఆ మాత్రం చీకటి ఉండాలి. ఇరవై రెండేళ్లుగా ఆ చీకట్లో కూర్చుని పరాయివాళ్ల కడుపుల్లోకి చూడడమే నా బతుకుతెరువు. ఊళ్లో నన్ను స్కానింగు డాట్రమ్మ అంటారు.

చాలామంది నేను లోపలికి కెమెరా పెట్టి ఫొటో తీస్తాననుకుంటారు. అదేం కాదు. నేను చేత్తో పట్టుకునేది కేకలు వేసే పరికరం. మనిషి చెవికి అందని కేక ఒకటి కడుపులోకి పంపి, వెంటనే నోరు మూసుకుని వింటుంది. లోపల ఒక పొర దాటి ఇంకో పొరలోకి వెళ్లే ప్రతి చోటా ఆ శబ్దం కొంత వెనక్కి తిరిగి వస్తుంది. ఎంత ఆలస్యంగా వస్తే అంత లోతున ఉన్నట్టు, ఎంత గట్టిగా వస్తే అంత తెల్లగా ఉన్నట్టు యంత్రం లెక్క కట్టి చుక్క పెడుతుంది. నీళ్లు ఏమీ తిప్పి పంపవు, కాబట్టి నల్లగా కనబడతాయి. ఎముక, రాయి అంతా తిప్పికొడతాయి, కాబట్టి అవి తెల్లగా ఉండి వాటి వెనక నల్లటి తోక పడుతుంది. అంటే తెర మీద ఉండేది కడుపు కాదు, కడుపు గురించి యంత్రం విన్న కబురు.

ఈ యంత్రానికి ఒక గుడ్డినమ్మకం ఉంది. తాను పంపిన శబ్దం నేరుగా వెళ్లి నేరుగా వచ్చిందని నమ్ముతుంది. దారిలో ఎక్కడైనా వంగి, అడ్డదారిన తిరిగివస్తే దానికి తెలియదు. తెలియక, ఏమీ లేని చోట వస్తువును గీస్తుంది. చదువుకునే రోజుల్లో మొదటిసారి ఒకాయన ఊపిరితిత్తి ఉండాల్సిన చోట కాలేయం ముక్క కనబడితే నాకు చెమటలు పట్టాయి. మా సారు నవ్వి, వీటిలో దెయ్యాలేవో మనుషులేవో పోల్చుకోగలిగినప్పుడే నువ్వు డాక్టరువి అన్నారు. తర్వాత నేనూ నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకు అదే మాట చెప్పేదాన్ని. నాకు దెయ్యాలన్నీ ముఖపరిచయమేనని గొప్పలు కూడా పోయేదాన్ని.

కొన్నేళ్ల కిందట వానాకాలంలో వడ్డాది దగ్గరి పల్లె నుంచి ఒక అత్తా కోడలూ వచ్చారు. కోడలికి ఇరవై ఒకటో, రెండో. పెళ్లైన మూడేళ్లకు నెల తప్పింది. భర్త విశాఖపట్నంలో ఏదో కంపెనీలో పనిచేస్తూ ఆదివారాలు వస్తాడట. ఆమె ఇంటి దగ్గరే ఉండి అత్తతో పాటు చెరకు పనికి వెళ్తుంది. ఏపుగా పెరిగిన గడలు గాలికి పడిపోకుండా, నాలుగైదింటిని దగ్గరకు లాగి వాటి ఆకులతోనే చుట్టి కట్టే పని. రోజంతా వంగి లేచే పని. పొట్ట మీద జెల్లు రాసేటప్పుడే నా చేతికి తెలిసింది. బొడ్డుకు అటూ ఇటూ రెండు కండలు మోకుల్లా ఉన్నాయి, పొట్ట పలకలా ఉంది. ఫ్యాను కింద కూర్చునే వాళ్లకు ఇలాంటి పొట్ట రాదమ్మా అని పరాచికం కూడా ఆడాను.

ఆ రోజు బయట బెంచీల మీద పన్నెండు మంది లీటర్లకు లీటర్లు నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని కూర్చున్నారు. గర్భం కనబడాలంటే మూత్రాశయం నిండి ఉండాలి, అది నల్లటి కిటికీలా పనికొస్తుంది. ఇంతలో కరెంటు పోయి ఇన్వర్టరు మీద పడ్డాం. బయటి నుంచి నర్సును తిడుతున్న గొంతులు వినబడుతున్నాయి. నేను తొందరగా పరికరాన్ని బొడ్డు కింద నట్టనడుమ అడ్డంగా ఆనించాను.

రెండు నల్లటి గూళ్లు పక్కపక్కనే కనబడ్డాయి. ఒక్కోదాంట్లో బియ్యపు గింజంత బిడ్డ. ఒక్కో గింజలో మిణుకు మిణుకుమంటూ గుండె.

కవలల్ని చాలామందిని చూశాను, అయినా ఆ రోజు తెర మీంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. రెండు గుండెలూ ఒకేసారి కొట్టుకుంటున్నాయి. ఒకదాని వెనక ఒకటి కాదు, ఇంచుమించుగా కాదు, సరిగ్గా ఒకేసారి. ఆమె దగ్గింది. రెండు గింజలూ ఒకే వైపుకి, ఒకే దూరం ఊగి ఆగాయి. అప్పుడే ఆగి ఆలోచించి ఉండాల్సింది. ఆలోచించడానికి బదులు అబ్బురపడ్డాను.

పరికరాన్ని నిలువుగా తిప్పితే ఒక్క గూడే కనబడింది. రెండోది పక్కకు ఉందిలే అనుకున్నాను. దేన్నైనా రెండు వైపుల నుంచి చూడందే ఉందని చెప్పకూడదని నేనే అందరికీ పాఠం చెబుతాను. కింది నుంచి ఇంకో రకం స్కాను చేస్తే అనుమానం తీరేది కానీ, దానికి అత్తగారు ఒప్పుకోదేమోనని అడగనే లేదు. బయట పన్నెండు మంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు, చూసింది చూసినట్టు చెప్పేశాను.

"కవలలమ్మా," అన్నాను.

"ఓలమ్మో, ఇద్దరేటి!" అని అత్తగారు తెర దగ్గరకు వచ్చేసింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, సన్నగా, నల్లగా, నిటారుగా ఉంది. నేను వేలు పెట్టి చూపిస్తే, "ఇదొక గుండి, అదొక గుండి," అని రెండుసార్లు లెక్కపెట్టుకుంది. మర్నాడు మళ్లీ బస్సెక్కి మాడుగుల హల్వా పొట్లం పట్టుకొచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ సంబరం అని వేళాకోళం చేసి, హల్వా మాత్రం తినేశాను.

ముందురోజు కవలలని చెప్పినప్పుడు కోడలు మాత్రం నవ్వలేదు. పడుకున్నది పడుకున్నట్టే పైకి చూస్తూ, నాకొక్కదానికే వినబడేంత నెమ్మదిగా అంది: "ఒక్కరైతే సాలదేటండి?"

"దేవుడు ఇచ్చినప్పుడు వద్దనకూడదమ్మా," అన్నాను. నోటికొచ్చిన మాట. ఎంతమందితో ఎన్నిసార్లు అన్నానో కూడా తెలియదు.

మూడో నెల నిండాక వాళ్లు మళ్లీ వచ్చారు. తెర మీద ఒక్కటే బిడ్డ ఉంది. చేతులూ కాళ్లూ ఏర్పడి, చక్కగా ఎగిరెగిరి పడుతోంది. రెండోదాని కోసం వెతికాను. పైనుంచి కిందికి, ఈ చివర నుంచి ఆ చివరకు వెతికాను.

కవలల్లో ఒకటి తొలి నెలల్లోనే ఆగిపోయి కరిగిపోవడం ఉంది. అలాంటివి చూశాను. సాధారణంగా ఏదో ఒక గుర్తు మిగులుతుంది, నలిగిన గూడో, చిన్న మచ్చో. ఇక్కడ కడిగి బోర్లించిన పళ్లెంలా ఏమీ లేదు. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. కానీ మొదటిసారి నేను పొరబడి ఉండవచ్చన్న ఆలోచనే నా బుర్రలోకి రాలేదు.

"రెండోది కరిగిపోయింది. ఒక్కోసారి అలా అవుతాది. మీ తప్పేం లేదు," అన్నాను.

"కరిగిపోడమేటమ్మా, అదేమైనా బెల్లం ముక్కా?" అంది అత్తగారు. "కరిగి ఎక్కడికెల్లింది మరి?"

"తల్లి ఒంట్లోకే వెళ్లిపోతాది."

వైద్యం ప్రకారం తప్పు లేని మాట. కానీ ఆ మాట వినగానే కోడలు తన పొట్ట మీద పెట్టుకున్న చేతిని తీసేసింది. అత్తగారు కాగితాల కోసం బయటికి వెళ్లగానే, జెల్లుతో ఉన్న నా మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజు నానన్నాను కదండీ, ఒక్కరైతే సాలదా అని. ఆడు ఇన్నాడండి. ఇని ఎల్లిపోనాడు."

ఛ, అలాంటివేం ఉండవని చెప్పి, తర్వాతి పేషెంటును పిలిచాను.

ఇంకో రెండు వారాలకు ఒక కూలీ ఆవిడ వచ్చింది. పిల్లలు వద్దని కాపర్-టి వేయించుకుంది, అది సరిగ్గా ఉందో లేదో చూడమంది. నట్టనడుమ అడ్డంగా పరికరం పెడితే రెండు కాపర్-టిలు కనబడ్డాయి. తెల్లగా మెరుస్తూ, పక్కపక్కనే.

"రెండు ఏయించుకున్నావేటి?" అని నవ్వాను.

"నేదమ్మా, ఒక్కటే. నా సేతిలో పెట్టి సూపించి మరీ ఏసేరు," అని ఆమె భయపడిపోయింది.

పరికరాన్ని రెండు వేళ్ల దూరం పక్కకు జరిపాను. ఒకటి పోయింది. మసకబారలేదు, జారిపోలేదు. అంతకుముందు ఉన్నది ఇప్పుడు లేదు. మళ్లీ నడుమకు తెస్తే వచ్చి కూర్చుంది.

ఇది పుస్తకాల్లో ఉన్న దెయ్యమే. చెంబు నీళ్లలో పుల్ల ముంచితే విరిగినట్టు కనబడుతుంది కదా, శబ్దమూ అలాగే వంగుతుంది. బొడ్డుకు అటూ ఇటూ ఉన్న రెండు కండల్లో ఒక్కోటీ శబ్దాన్ని ఒక్కో వైపు వంచుతుంది. రెండు దారుల్లో వెళ్లి ఒక్క వస్తువునే తాకి తిరిగి వస్తుంది. నేరుగా వెళ్లాననుకునే యంత్రం దాన్ని రెండు వస్తువులుగా గీస్తుంది. కండలు ఎంత గట్టిపడితే మోసం అంత బాగా కుదురుతుంది. రోజంతా వంగి చెరకు కట్టే ఆడదాని పొట్ట దానికి సరిగ్గా సరిపోతుంది. పరీక్షలో రాశాను దీని గురించి, మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఆవిడను పంపేసి, తలుపు వేసుకుని, ఆ అమ్మాయి పాత బొమ్మలు తీశాను. రెండు గూళ్లూ ఒకే కొలత. రెండింట్లోనూ అదే చోట అదే చుక్క. రెండు గింజలూ తల ఒకే వైపు పెట్టుకున్నాయి. రెండు గుండెలు ఒకేసారి కొట్టుకున్నాయని మురిసిపోయాను, అది ఒక్కటే గుండె. రెండో బిడ్డ కరిగిపోలేదు. అసలు లేదు. నేను చూసి, వేలు పెట్టి చూపించి, ఉందని చెప్పి, మూడో నెలలో చంపేశాను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేనైతే తీసుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు. ఫారం మీద ఆమె ఫోను నంబరు ఉంది. రెండు మూడుసార్లు ఫోను చేతిలోకి తీసుకున్నాను. ఒక బిడ్డ క్షేమంగా ఉంది, రెండోదాన్ని ఈపాటికి మర్చిపోయే ఉంటారు, మానుతున్న పుండును కెలకడం దేనికి అని సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. చోడవరం చిన్న ఊరు, పెదవి దాటితే పృథివి దాటుతుంది. స్కానింగు డాట్రమ్మ లేని బిడ్డను చూపించిందట అని వడ్డాది సంతలో చెప్పుకుంటారని నాకు భయం. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, ఆ భయంతో నెలల తరబడి నోరు మూసుకు కూర్చున్నాను.

ఆ నెలల్లో నా పని నాకే వింతగా తయారైంది. పరికరాన్ని నడుమ ఆనించాలంటే వెనకాడేదాన్ని. కవలలు కనబడితే రెండు గుండెల్నీ వేర్వేరుగా లెక్కపెట్టి, అవి కలవకుండా కొట్టుకుంటుంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఎవరూ లేనప్పుడు ఆ అమ్మాయి బొమ్మను మళ్లీ తీసి చూసేదాన్ని. లేనిదని తెలిసి కూడా కుడివైపు ఉన్నది నిజమా, ఎడమవైపు ఉన్నది నిజమా అని చూసేదాన్ని. రెండూ నిజంలాగే ఉండేవి.

ఐదో నెల స్కానుకు వాళ్లు రాలేదు. బెల్లం వండే రోజులు వచ్చి, గాలి అంతా తీపి వాసన వేస్తున్నప్పుడు, ఆ పల్లె ఆశా వర్కరు అత్తా కోడళ్లను బలవంతంగా తీసుకొచ్చింది. ఏడో నెల నడుస్తోంది, పొట్ట ఐదో నెలలా ఉంది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదంటే అత్తగారు యంత్రం వంక చూడకుండా చెప్పింది: "మల్లీ ఆ మిసను పెడితే ఉన్నోడు కూడా కరిగిపోతాడని బయమేసింది తల్లీ."

బిడ్డ తల కొలిచాను, తొడ ఎముక కొలిచాను, పొట్ట చుట్టుకొలత తీసుకున్నాను. తల పరవాలేదు. పొట్ట బాగా వెనకబడి ఉంది. చుట్టూ ఉమ్మనీరు తక్కువగా ఉంది. కడుపులో బిడ్డకు ఆహారం చాలకపోతే, ఉన్న కాస్తా మెదడుకు పంపుకుని పొట్టను ఎండబెట్టుకుంటుంది. బొడ్డుతాడులో రక్తం ఇంకా బాగానే పారుతోంది. అంటే కొంచెం వ్యవధి ఉంది, ఎక్కువ లేదు. ఇలాగే సాగితే ఈ బిడ్డ నిజంగానే పోతుంది.

"ఏటి తింటన్నావు?" అని అడిగాను.

అత్తగారే దాపరికం లేకుండా చెప్పుకొచ్చింది. వడ్డాది సంతలో సోది చెప్పే ఆవిడను అడిగారట. ఎల్లిపోయినోడు ఎక్కడికీ ఎల్లలేదు, తోడబుట్టినోడి పక్కనే ఆకలితో నిలబడి ఉన్నాడు, ఆకలి తీరకపోతే తోడు రమ్మని పిలుస్తాడు అందట. అందుకని పూటపూటా కోడలి కంచంలోంచి సగం తీసి, పెరట్లో ఆకు మీద పెడుతున్నారు. తల్లి వాటా లోంచే తీయాలట. అన్నం, గుడ్డు, పాలు, అన్నీ సగం.

"పొద్దున్నకి ఆకు కాలీ తల్లీ. మెతుకు మిగల్దు," అంది అత్తగారు, గొంతు తగ్గించి. "తింటన్నాడు."

పిల్లులు ఉంటాయి, కాకులు ఉంటాయి. నాకు తెలుసు. అయినా ఆ చీకట్లో ఆమె ఆ మాట అన్న తీరుకు తలుపు వైపు ఒకసారి చూశాను.

"ఎడంపక్క తంతాడండి," అంది కోడలు, మొదటిసారి నోరు విప్పి. "ఈడు కుడిపక్క, ఆడు ఎడంపక్క. ఇదిగో, ఇప్పుడు సూడండి." నా చేతిని తీసుకుని తన పొట్టకు ఎడమవైపు పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే నా అరచేతి కింద ఏదో లేచి, తట్టి, వెళ్లిపోయింది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. తెర మీద చూస్తే బిడ్డ అడ్డంగా పడుకుని ఉంది. పాదాలు కుడివైపు, పిడికిళ్లు ఎడమవైపు ఉన్నాయి. ఆ సంగతి నాకు కనబడుతోంది, ఆమెకు కనబడదు.

కంచం మొత్తం నువ్వే తినాలి, లేకపోతే ఈ బిడ్డ దక్కదని గట్టిగా చెప్పాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకోలేదు, చాలా నెమ్మదిగా జవాబిచ్చింది. "ఆడి నోటికాడ కూడు నానెలా తింటానండీ? ఆణ్ని సంపిందీ నానే కదా."

ఇక దాచడానికి దారి లేకపోయింది. తెర ఆపేసి, ఇద్దరి వైపు తిరిగి చెప్పాను. "రెండో బిడ్డ లేడమ్మా. కరిగిపోలేదు, ఎల్లిపోలేదు. ముందు నుంచీ ఒక్కటే బిడ్డ. నేను తప్పు చూసేను. తప్పని తెలిసి కూడా ఇన్నాళ్లూ మీకు చెప్పలేదు."

వాళ్లు నమ్మలేదు. కోడలు బతకాలని నేను అల్లి చెబుతున్నానని అత్తగారు అనుకుంది. "నువ్వే సూపించేవు కదా తల్లీ. రెండు గుండిలూ నా కళ్లతో నాను సూసేను. కళ్లు అబద్దం సెప్తాయేటి?"

"అయితే నువ్వు పడుకో," అన్నాను అత్తగారితో.

"నానా? నాకేటి రోగం?" అని గొణుగుతూనే బల్ల ఎక్కింది. కోడలు పక్కన కుర్చీలో కూర్చుంది. నలభై ఏళ్లు చెరకులో వంగి లేచిన పొట్ట అది, కోడలి పొట్ట కన్నా గట్టిగా ఉంది. జెల్లు తగలగానే "ఓలమ్మ, సల్లగా" అని ముడుచుకుంది. బొడ్డుకు కాస్త పైన, నట్టనడుమ, పరికరాన్ని అడ్డంగా ఆనించాను. ఈ ఒక్కసారికి దెయ్యం రావాలని మొక్కుకున్నాను.

వచ్చింది. రెండు నల్లటి గుండ్రాలు పక్కపక్కనే నిలబడి, ఒకేసారి ఉబ్బుతూ, ఒకేసారి అణుగుతున్నాయి.

"అత్తా," అంది కోడలు, కుర్చీ లోంచి సగం లేచి. "అత్తా, నీ కడుపులో..."

ముసలావిడ మెడ తిప్పి తెర చూసింది. మొహంలో నెత్తురు లేదు. "నా కడుపులో ఏటది? నాకు ముట్లు ఆగి పదేళ్లు దాటిపోనాది. ఏటది తల్లీ, తియ్యి, తియ్యి దాన్ని!"

"అది నెత్తురు పారే పెద్ద గొట్టం. అందరికీ ఉంటాది. ఒక్కటే ఉంటాది," అన్నాను. పరికరాన్ని పక్కకు జరిపాను. ఒక్కటి మిగిలింది. నడుమకు తెచ్చాను. రెండయ్యాయి. "నేను ఆ రోజు చూపించిన కవలలు ఇవే."

తర్వాత పరికరాన్ని కోడలి చేతికిచ్చి, దాని మీద నా చెయ్యి వేసి ఎలా జరపాలో చూపించాను. కాసేపటికి నా చెయ్యి అక్కర్లేకపోయింది. ఆమె తనంతట తానే పక్కకు జరిపింది, పోయింది. నడుమకు తెచ్చింది, వచ్చింది. మళ్లీ పంపింది. మళ్లీ తెచ్చింది. పదిసార్లో, పదిహేనుసార్లో చేసింది. అత్తగారు ఊపిరి బిగబట్టి పడుకుని, తన కడుపులో ఒకటి పుట్టి పోవడం, పుట్టి పోవడం చూస్తూ ఉంది. నేను ఆపమనలేకపోయాను. ఆఖరికి ఆ అమ్మాయే పరికరాన్ని పక్కకు జరిపి, అక్కడే ఉంచి, ఇక వెనక్కి తేలేదు.

ముసలావిడ లేచి కొంగుతో జెల్లు తుడుచుకుంది. "అయితే ఇన్నాల్లూ మేం బువ్వ పెట్టింది ఎవులికి?" అంది, ఎవరినీ చూడకుండా. ఆ తర్వాత ఆమె నన్ను తిట్టింది. నువ్వు సదివిందేటి, సూసిందేటి, ఆడదానివై ఉండి ఒక ఆడదాని ఉసురు పోసుకున్నావు అని బయట బెంచీల మీదివాళ్లకు వినబడేలా తిట్టింది. వాళ్ల బస్సు వడ్డాది చేరేలోపే సంగతి కూడా చేరిపోయింది.

తలుపు దగ్గర కోడలు ఆగింది. బరువు దిగినదాని మొహంలా ఉంటుందనుకున్నాను. "ఇన్ని నెలలూ ఆడికి అమ్మనండి," అంది. "పేరు కూడా పెట్టుకున్నాను." అప్పుడు ఏడ్చింది. మూడో నెలలో నేను ఆ బిడ్డను ఉత్తి మాటతో చంపాను. ఇప్పుడు ఆమె చేత్తోనే పరికరం జరిపించి, నిజంగా చంపాను. క్షమించమని అడిగానో, అడగాలనుకుని ఆగిపోయానో నాకే సరిగ్గా గుర్తు లేదు.

మూడు వారాల తర్వాత రమ్మన్న రోజుకు వస్తారని నేననుకోలేదు. వచ్చారు. అత్తగారు నా మొహం చూడకుండా బయటే కూర్చుంది. కోడలు ఒక్కతే లోపలికి వచ్చి పడుకుంది. బుగ్గల్లోకి కాస్త కండ వచ్చింది. బిడ్డ పొట్ట కొలిచాను, నమ్మకం చాలక మూడుసార్లు కొలిచాను. ఎదుగుదల పటం మీద ఉండాల్సిన గీత వైపు పాకుతోంది. ఉమ్మనీరు కూడా పెరిగింది. బాగుందమ్మా, తింటున్నావు అన్నాను. మొత్తం తింటన్నానండి అంది.

జెల్లు తుడవడానికి గుడ్డ ఇస్తే తీసుకోలేదు. అలాగే పైకి చూస్తూ పడుకుంది.

"ఒక సంగతి అడగనా అండి? ఆ రోజు నానన్నాను కదా, ఒక్కరైతే సాలదా అని. రెండోవోడు నేడంటన్నారు. అయితే ఆ మాట ఇన్నోడు ఈడే కదండీ? ఈడే కదా, ఈ అమ్మకి మనం అక్కర్నేదని అనుకోనుంటాడు?"

మూడు వారాలు ఆమె కంచం నిండా తింటూ మోసింది ఈ బరువని నాకు అప్పుడు తెలిసింది. దేవుడి మాట ఎత్తలేదు. అలాంటివేం ఉండవనీ అనలేదు. ఇంకో పేషెంటు బయట తలుపు తడుతున్నా లేవలేదు. నాకు రూఢిగా తెలిసిన సంగతి ఒక్కటి ఉంది, అది చెప్పాను.

"అప్పటికి చెవులు లేవమ్మా. బియ్యపు గింజంత ఉండేది. లోపలి చెవి తయారవలేదు, వినడానికి మెదడూ తయారవలేదు. నువ్వేం అన్నా దానికి వినబడదు. ఇది నేను తప్పు చూసింది కాదు, ఒట్టు."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. నా మాట నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి ఆమెకు పూర్తి హక్కుంది.

"మరి ఇప్పుడో? ఇప్పుడున్నాయా సెవులు?"

"ఉన్నాయి. ఇప్పుడు నీ గొంతు వినబడతాది."

ఆమె మోచేతుల మీద కొంచెం లేచి, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. "అయితే మీరు కాసేపు బయటికెల్తారా డాట్రమ్మ గారూ?" అంది. "ఆడితో మాటాడాలి."

ఇరవై రెండేళ్లలో నన్ను నా గది లోంచి బయటికి పంపిన పేషెంటు ఇంకొకరు లేరు. జెల్లు చేతులతోనే వెళ్లి తలుపు దగ్గరగా వేశాను. బయట వెలుతురుకు కళ్లు చికిలించుకుని నిలబడితే, బెంచీ మీద అత్తగారు నన్ను ఒకసారి కిందికీ పైకీ చూసి, ఏమీ అనకుండా కొంచెం పక్కకు జరిగింది. వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను.

తలుపు వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు సన్నగా వస్తోంది. మాటలు తెలియడం లేదు. ఆమె మళ్లీ నన్ను పిలిచేవరకు మేమిద్దరం అక్కడే కూర్చున్నాం.